ఆయిల్ ఎక్కడ కారుతోందో ముందు చూడండి

పాత కారు కింద ఆయిల్ మరక కనబడగానే చాలామంది చేసే మొదటి పని కొత్త సీల్ ఆర్డర్ పెట్టడం. పార్టు చవక, రెండు రోజుల్లో ఇంటికొస్తుంది, నాలుగు వీడియోలు చూస్తే పని అర్థమైపోయినట్టే ఉంటుంది. శనివారం పొద్దున ఇంజిన్ ముందు భాగమంతా విప్పుతారు, ఆదివారం రాత్రికి బిగిస్తారు, సోమవారం పొద్దున చూస్తే అదే చోట అదే మరక. సీల్ బాగానే వేశారు. కారింది ఆ సీల్ నుంచి కాదు.

చేతిపని నేర్చుకోవాలనుకునే వాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. పానా పట్టుకోవడం కంటే ముందు చూడడం నేర్చుకోండి. మన ఇళ్ళల్లో పిల్లల్ని చదువు వైపు పెంచాం, పానా వేరేవాళ్ళ చేతిలో ఉండేదని అనుకుంటూ పెరిగాం. బండి చెడితే విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రికి అప్పజెప్పి టీ తాగి రావడమే మనకు అలవాటు. అమెరికా వచ్చాక లెక్క మారింది. ఇక్కడ చాలాచోట్ల వర్క్‌షాపులో మెకానిక్ కూలి గంటకు వంద డాలర్లు దాటుతుంది. ఆయిల్ సీల్ లాంటి పనిలో పార్టు ఖర్చు నామమాత్రం, దాన్ని చేరుకోవడానికి పట్టే గంటలకే డబ్బంతా పోతుంది. అందుకే ఇది ఇంట్లో నేర్చుకోవడానికి మంచి పని. ఖర్చయ్యేది మీ సమయం, మిగిలేది మీ నైపుణ్యం.

ఉదాహరణకు ఒక కారు తీసుకుంటాను, మాజ్డా మియాటా మొదటి తరం. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటపెట్టిన రెండు సీట్ల చిన్న కారు ఇది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా 2000లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది, 2016లో పది లక్షలవ కారు తయారైంది. ఇన్ని తయారయ్యాయి కాబట్టి పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. మొదటి తరం కార్ల కోసం మాజ్డా కంపెనీయే జపాన్‌లో పునరుద్ధరణ సేవ మొదలుపెట్టి, ఆగిపోయిన పార్టులు కొన్నిటిని మళ్ళీ తయారు చేయించింది. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో వైపు మనవాళ్ళ గరాజుల్లో ఫ్యామిలీ కారు పక్కన ఇలాంటి పాత కారు ఒకటి అక్కడక్కడ కనబడుతోంది. నాకది సంతోషం కలిగించే దృశ్యం.

ఆయిల్ సీల్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఉక్కు రింగు, దానికి అతికించిన రబ్బరు, రబ్బరు లోపలి అంచున పలచని పెదవి, ఆ పెదవిని షాఫ్టు మీదకు మెల్లగా నొక్కి ఉంచే సన్నని చుట్ట స్ప్రింగు. అంతే. క్రాంక్ షాఫ్టు నిమిషానికి ఏడు వేల చుట్ల దాకా తిరుగుతుంటే ఈ పెదవి దాన్ని పట్టుకుని ఉంటుంది, కానీ నేరుగా ఇనుమును రాసుకోదు. మధ్యలో కంటికి కనబడనంత పలచటి ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం సీల్ బతికి ఉంటుంది. పొడిగా తిరిగితే కొద్దిసేపట్లోనే అంచు మాడిపోతుంది. ఒకప్పుడు ఈ సీళ్ళను తోలుతో చేసేవారు. ఇప్పుడు సీళ్ళ తయారీలో పేరున్న జర్మనీ కంపెనీ ఫ్రాయిడెన్‌బర్గ్ అసలు తోలు శుద్ధి చేసే సంస్థ. తర్వాత రబ్బరు వచ్చింది. రబ్బరుకు వేడి, వయసు రెండూ శత్రువులే. ముప్పై ఏళ్ళ నాటి సీల్‌ను చేత్తో వంచితే రబ్బరులా వంగదు, ప్లాస్టిక్ ముక్కలా పెళుసుగా విరుగుతుంది. ఎక్కువ తిరిగిన కారు కంటే ఏళ్ళ తరబడి కదలకుండా నిలబెట్టిన కారులో సీళ్ళు ముందుగా పాడవడం మామూలే.

పెదవి పాడవకపోయినా ఆయిల్ కారే సందర్భం ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఇంజిన్ లోపల పిస్టన్ల పక్కనుంచి దిగే వాయువులు బయటకు పోవడానికి వాల్వ్ కవర్ మీద పీసీవీ అనే చిన్న వాల్వు ఉంటుంది. అది జిడ్డుతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్ దగ్గర మెతుకు అడ్డుపడితే ఆవిరి గ్యాస్కెట్ పక్కనుంచి తన్నుకొస్తుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్ బయటకొస్తుంది. అందుకే సీల్ కొనేముందు ఆ వాల్వును పీకి చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే దానికి ఇంకా కదలిక ఉన్నట్టు, శబ్దం రాకపోతే పోయినట్టు. కదులుతున్నా పాతబడి ఉంటే మార్చేయడం మంచిది, కొన్ని డాలర్ల వస్తువు. మూసుకుపోయిన వాల్వును అలాగే వదిలి కొత్త సీల్ వేస్తే ఆ సీల్ కూడా కారుతుంది.

మరక ఒక చోట, మూలం ఒక చోట

ఆయిల్ పైనుంచి కిందకు దిగుతుంది, కారు నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కు నెడుతుంది. కాబట్టి నేల మీద చుక్క పడిన చోటు చూసి ఏ సీల్ పోయిందో తేల్చడం కుదరదు. మియాటాలో ఇది మరీ ఎక్కువ. ఇంజిన్ హెడ్ వెనక, క్యాబిన్ గోడకు దాదాపు ఆనుకుని, క్యామ్ యాంగిల్ సెన్సర్ అనే భాగం ఉంటుంది. దాని మెడ చుట్టూ ఒక ఓ-రింగు. ఆ రింగు గట్టిపడితే ఆయిల్ మెల్లగా చెమర్చి, హెడ్ వెనక నుంచి జారి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట బెల్ హౌసింగ్ మీదుగా కిందకు పడుతుంది. కింద పడుకుని చూసేవాడికి అది అచ్చం క్రాంక్ షాఫ్టు వెనక సీల్ పోయినట్టే కనబడుతుంది. ఆ వెనక సీల్ మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. ఓ-రింగు మార్చాలంటే ఒక బోల్టు తీస్తే చాలు.

గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే నా దగ్గరకు వచ్చాడు. "అన్నా, వెనక సీల్ పోయిందన్నారు. కారు కొన్న ధరలో సగం అడుగుతున్నారు. అమ్మేయమంటావా?"

"నువ్వు చూశావా?"

"కింద చూశానన్నా. అంతా ఆయిలే."

"పైన చూశావా?"

చూడలేదు. ఇంజిన్ చల్లారాక హెడ్ వెనకకు చిన్న అద్దం పెట్టి టార్చి వేశాం. సెన్సర్ మెడ కింద తడి, అక్కడినుంచి కిందకు దుమ్ము పట్టిన నల్లటి చార. ఆ చార పక్కన ఇనుము పొడిగా ఉంది. వేలితో తుడిచి చూపించాక అతనికి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఓ-రింగు ఉంగరం కంటే కొంచెం పెద్దది, అంతే. తీసేముందు సెన్సర్ ఏ కోణంలో ఉందో దాని అంచు మీదా హెడ్ మీదా కలిపి ఒక రంగు గీత గీశాం. ఎందుకంటే ఇగ్నిషన్ టైమింగ్ ఆ కోణం మీదే ఆధారపడి ఉంటుంది. బిగించాక టైమింగ్ లైట్‌తో మళ్ళీ చూసుకోవాలి, ఈ ఇంజిన్‌కు పిస్టన్ పైకొచ్చే ముందు 10 డిగ్రీలు.

కాబట్టి పద్ధతి ఇది. చల్లారిన ఇంజిన్ మీద డీగ్రీజర్ చల్లి, బ్రష్షుతో రుద్ది, మొత్తం కడిగి ఆరబెట్టండి. వైర్ల మీదా సెన్సర్ల మీదా నీటిధార నేరుగా కొట్టకండి. తర్వాత ఇరవై, ముప్పై మైళ్ళు నడిపి, రాత్రి కింద శుభ్రమైన అట్టముక్క పరిచి వదిలేయండి. పొద్దున అట్ట మీద చుక్క చూడండి, దానికి నిటారుగా పైకి చూడండి, ఆ పైకి ఇంకా పైకి చూడండి. ఎక్కడ తడి మొదలైందో, దానికి పైన ఎక్కడ పొడిగా ఉందో ఆ రెండిటి మధ్య గీత దొరికేదాకా వదలకండి. దొరకకపోతే ఆయిల్‌లో కలిపే మెరిసే రంగు అమ్ముతారు. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కారిన దారంతా పచ్చగా వెలుగుతుంది. చుక్క ఏ ద్రవమో కూడా చూసుకోండి. ఇంజిన్ ఆయిల్ వేరు, గంధకం వాసన కొట్టే చిక్కటి గేర్ ఆయిల్ వేరు, తియ్యటి వాసన వచ్చే కూలెంట్ వేరు. బెల్ హౌసింగ్ దగ్గర పడే చుక్కకు గేర్ ఆయిల్ వాసన వస్తే మీరు వెతుకుతున్న సీల్ అసలు ఇంజిన్‌లో లేదు, గేర్‌బాక్సులో ఉంది.

ఈ కారులో ఇంకో మోసం ఆయిల్ ఫిల్టర్. అది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది, మార్చిన ప్రతిసారీ కొంత ఆయిల్ కింది ఫ్రేము మీద ఒలికి, వారాల పాటు మెల్లగా చుక్కలు రాలుతుంది. అది లీకే కాదు. ఈమధ్యే ఆయిల్ మార్చి ఉంటే ముందు ఆ మూల తుడిచి, ఇంకో వారం ఆగండి.

లీకును ఆపుతామని సీసాల్లో అమ్మే మందులు రబ్బరును కొంచెం ఉబ్బించి కొన్నాళ్ళు నెట్టుకొస్తాయి. పెళుసెక్కిన సీల్‌కు అవి వైద్యం కాదు. నేను వాడను, వాడమని చెప్పను.

విప్పే ముందు

లీకు నిజంగా ఇంజిన్ ముందు భాగం నుంచే అని తేలిందనుకుందాం. అక్కడ మూడు సీళ్ళు ఉంటాయి. కింద క్రాంక్ షాఫ్టుకు ఒకటి, పైన రెండు క్యామ్ షాఫ్టులకు చెరొకటి. మూడూ టైమింగ్ బెల్టు వెనకే ఉంటాయి, కాబట్టి ఒకటి మార్చినా బెల్టు విప్పాల్సిందే. ఈ ఇంజిన్‌కు ఆ బెల్టును అరవై వేల మైళ్ళకు మార్చమని కంపెనీ చెప్పింది. నీళ్ళ పంపు కూడా ఆ వెనకే ఉంది. అక్కడిదాకా వెళ్ళినప్పుడు మూడు సీళ్ళు, బెల్టు, టెన్షనర్ పుల్లీ, ఐడ్లర్ పుల్లీ, నీళ్ళ పంపు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ అన్నీ కలిపి మార్చేయండి. అంతకు మించి మాత్రం పోకండి. రేడియేటరూ మార్చేద్దాం, ఇంజిన్‌కు రంగూ వేసేద్దాం అని మొదలుపెట్టిన కార్లు నెలల తరబడి స్టాండ్ల మీదే ఉండిపోవడం నేను చూశాను. ఏం మార్చబోతున్నారో కాగితం మీద రాసి గరాజ్ గోడకు అంటించండి. ఆ కాగితంలో లేని పని ఈసారి చేయకండి.

ఈ ఇంజిన్‌లో ఒక మంచి గుణం ఉంది. టైమింగ్ బెల్టు తెగినా, ఒక పన్ను అటూ ఇటూ అయినా పిస్టన్లు వాల్వులను గుద్దుకోవు. కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి ఈ కారు ఎంచుకున్నది అందుకే. మీ కారు వేరేదైతే ఈ సంగతి ముందే కనుక్కోండి. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు వంగిపోతాయి.

ఆఫీసుకు వెళ్ళడానికి ఇంకో కారు ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి. సోమవారం పొద్దున ఇదే కారు కావాలన్న ఒత్తిడి ఉంటే ఆదివారం రాత్రి పదింటికి అడ్డదారులు తోస్తాయి. అద్దె ఇల్లైతే, కాలనీ సంఘం నియమాలుంటే, డ్రైవ్‌వేలో కారు విప్పి పెట్టవచ్చో లేదో ముందే చూసుకోండి. మీ మోడల్ సంవత్సరానికి చెందిన ఫ్యాక్టరీ వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. ఒకే ఇంజిన్‌లో కూడా సంవత్సరాన్ని బట్టి బోల్టు బిగువు మారుతుంది, కింద ఒక ఉదాహరణ చెబుతాను. పనిముట్లలో మంచి టార్క్ రెంచి ఒక్కదాని దగ్గర పొదుపు చూడకండి. మిగతావి 10, 12, 14, 21 మిల్లీమీటర్ల సాకెట్లు, పొడుగాటి బ్రేకర్ బార్, జాకీ, రెండు స్టాండ్లు.

జాకీ మీద నిలబెట్టిన కారు కిందకు ఎప్పుడూ వెళ్ళకండి. స్టాండ్ల మీద దించి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, కారును చేత్తో గట్టిగా కుదిపి చూశాకే తల కింద పెట్టండి. మియాటాలో బ్యాటరీ ముందు ఉండదు, డిక్కీలో ఉంటుంది. మొదట దాని నెగటివ్ తీగ విప్పండి.

పని

కూలెంట్ దించి, ముందు అడ్డంగా ఉన్న గాలి గొట్టం, రేడియేటర్ పై గొట్టం, బెల్టులు తీసేయండి. స్పార్క్ ప్లగ్గులు కూడా తీయండి, ఇంజిన్ చేత్తో తిప్పడం తేలికవుతుంది. విప్పిన ప్రతి బోల్టునూ ఏ భాగానిదో రాసిన చిన్న కవర్లో వేయండి, విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీయండి. టైమింగ్ కవర్ల బోల్టులు అన్నీ ఒకేలా కనబడతాయి, పొడవులు వేరు.

క్రాంక్ పుల్లీ నడిమి బోల్టు 21 మిల్లీమీటర్లది, మొండిది. కారు అయిదో గేరులో పెట్టి, వెనక చక్రాలు నేల మీదే ఉంచి, బ్రేకు మీద ఇంట్లో ఒకరిని గట్టిగా కాలేసి కూర్చోమనండి. బ్రేకర్ బార్ మీద బలం మెల్లగా పెంచుతూ పోతే పెద్ద చప్పుడుతో వదులవుతుంది. బార్‌ను ఫ్రేముకు ఆనించి స్టార్టర్ మోటార్ కొడితే బోల్టు వదులవుతుందని చెప్పేవాళ్ళుంటారు. సాకెట్ జారితే ఆ బార్ ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. ఆ పని చేయకండి.

తర్వాత క్రాంకును గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పి గుర్తులు కలపండి. క్రాంక్ గేరు గుర్తు పైకి రావాలి. పైన ఇన్‌టేక్ క్యామ్ పుల్లీ మీద ‘ఐ’, ఎగ్జాస్ట్ పుల్లీ మీద ‘ఇ’ వెనక పలక మీదున్న గుర్తులకు ఎదురు రావాలి. రెండు పుల్లీలూ ఒకటే రకం, రెండు అక్షరాలూ రెండిటి మీదా ఉంటాయి, కాబట్టి ఏ పక్క ఏ అక్షరం చూడాలో తికమక పడకండి. గుర్తులు కలిశాక ఫొటో తీసి, అప్పుడు టెన్షనర్ వదులు చేసి బెల్టు తీయండి. ఆ తర్వాత మీరు కావాలనుకుంటే తప్ప ఏ షాఫ్టునూ తిప్పకండి.

ఇక క్రాంక్ సీల్. పంటి గేరు తీసేశాక షాఫ్టు ముక్కు బయటకు పొడుచుకుని కనబడుతుంది, దాని చుట్టూ నల్లటి రింగు. ఆ రింగును పీకడంలోనే ఈ పని బాగుపడేదీ పాడయ్యేదీ ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చి ఒక్క పెకిలింపుతో లాగాలనిపిస్తుంది. మొన జారి షాఫ్టు మీద ఒక గీత పడితే చాలు, కొత్త సీల్ పెదవి ఆ గీత మీదే తిరుగుతుంది, ఆయిల్ ఆ గీత వెంటే బయటకొస్తుంది. ముందు పదునైన బ్లేడుతో పాత సీల్ పెదవిని కోసేయండి. అప్పుడు స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి, సీల్ ఉక్కు అంచు కింద పెట్టి, కొంచెం ఇటు, కొంచెం అటు మెల్లగా ఎత్తండి. మొండికేస్తే ఆగండి, ఇంకో వైపు నుంచి ప్రయత్నించండి. పది నిమిషాలు పట్టినా తప్పు లేదు.

సీల్ బయటకొచ్చాక షాఫ్టు తుడిస్తే, పాత పెదవి తిరిగిన చోట ఒక మెరుపు గీత కనబడుతుంది. దాని మీద అడ్డంగా గోరు జరపండి. గోరు జారిపోతే సరే. గోరు తగులుతూ గాడిలా అనిపిస్తే కొత్త సీల్‌ను పాతదాని కంటే వెంట్రుక మందం ముందుకో లోపలికో పెట్టి, పెదవి కొత్త చోట ఆనేలా చూడాలి. గాడి మరీ లోతైతే షాఫ్టు మీద తొడిగే పలచటి ఉక్కు తొడుగులు దొరుకుతాయి.

కొత్త సీల్ వేసేముందు అది కూర్చునే గుంటను గుడ్డతో పొడిగా తుడవండి. పెదవి చుట్టూ వేలితో కొత్త ఇంజిన్ ఆయిల్ రాయండి. మొదట చెప్పిన ఆ ఆయిల్ పొర మొదటి క్షణం నుంచే ఉండాలి. స్ప్రింగు కనబడే వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి. షాఫ్టు ముక్కు మీది గాడి అంచులు పదునుగా ఉంటాయి, వాటిని నున్నటి టేపుతో కప్పి సీల్ జరిపితే పెదవి చీరదు. సీల్ బయటి అంచుకు సరిపోయే పెద్ద సాకెట్ గానీ పీవీసీ పైపు ముక్క గానీ పెట్టి సుత్తితో తేలిగ్గా తట్టండి, ఒక పక్క తట్టాక ఎదురు పక్క. అంచు చుట్టూ ఒకే మట్టానికి వచ్చిందో లేదో కంటితో కాదు, వేలితో తడిమి చూడండి. వంకరగా కూర్చున్న సీల్ మొదటి రోజే కారుతుంది. బయట సిలికాన్ పూయాల్సిన పని లేదు, పూస్తే అది లోపలికి పోయి ఆయిల్ దారులకు అడ్డుపడవచ్చు.

క్యామ్ సీళ్ళదీ ఇదే పద్ధతి, కానీ కొంచెం తేలిక. పుల్లీ బోల్టు తీసేటప్పుడు క్యామ్ షాఫ్టు మీద మధ్యలో ఉన్న ఆరు పలకల భాగాన్ని పెద్ద పానాతో పట్టుకోండి, పానా హెడ్ అంచుకు ఆనకుండా చూడండి. హెడ్ అల్యూమినియం, గాటు పడితే ఆయిల్ కారే చోటు ఇంకొకటి తయారవుతుంది.

బెల్టు ఎక్కించాక ‘ఐ’, ‘ఇ’ గుర్తుల మధ్య బెల్టు పళ్ళు లెక్కపెట్టండి, 19 ఉండాలి. టెన్షనర్‌ను మాన్యువల్ చెప్పిన వరసలో బిగించి, క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ చూడండి. కలవకపోతే విసుక్కోకుండా బెల్టు తీసి మళ్ళీ వేయండి. ఈ తనిఖీకి పట్టే నిమిషాలు మొత్తం పనిలోకెల్లా విలువైనవి.

క్రాంక్ బోల్టు బిగువు గురించి చెబుతానన్నాను. 1990 మోడల్, 1991 తొలి భాగం కార్లలో క్రాంక్ ముక్కు పొట్టిది. దాని బోల్టు 80 నుంచి 87 అడుగు పౌండ్లకు బిగించాలి. తర్వాతి కార్లలో ముక్కు పొడవైంది, బోల్టు 116 నుంచి 123 అడుగు పౌండ్లు. పొట్టి ముక్కు కార్లలో గేరును పట్టి ఉంచే చిన్న తాళం ముక్క వదులై, షాఫ్టు గాడి అరిగిపోయే జబ్బు ఉంది. గేరు తీసినప్పుడు ఆ గాడి అంచులు నిటారుగా ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. అరిగి ఉంటే అక్కడితో ఆగి, తెలిసినవాళ్ళకు చూపించండి. అది సీల్ కంటే పెద్ద సమస్య, దాన్ని కప్పిపెట్టి బిగించకూడదు.

వాల్వ్ కవర్ బోల్టులకు మాత్రం బలం వద్దు. 43 నుంచి 78 అంగుళాల పౌండ్లు, అంటే చేతి మణికట్టు బలం చాలు. కారుతోంది కదా అని ఇంకా బిగిస్తే కవర్ వంగి ఇంకా కారుతుంది. గ్యాస్కెట్ మూలల్లో, క్యామ్ టోపీలు హెడ్‌ను కలిసే చోట మాత్రమే సీలెంట్ చుక్క పెట్టండి.

వెనక సీల్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. దాన్ని ఇంట్లో మొదటి పనిగా పెట్టుకోకండి. గేర్‌బాక్సు, దాన్ని డిఫరెన్షియల్‌తో కలిపే పొడుగాటి ఫ్రేము, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ దించాలి, బరువు మనిషి ఛాతీ మీద ఉంటుంది. నెలకు నాలుగు చుక్కలు పడుతుంటే ఆయిల్ మట్టం చూసుకుంటూ నడపండి. క్లచ్ మార్చే రోజు ఎలాగూ వస్తుంది, ఆ రోజు అదీ మార్పించండి. ఆయిల్ క్లచ్ మీదకు చేరి జారడం మొదలైతే మాత్రం ఆగకండి. అలాగే వాల్వ్ కవర్ నుంచి ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి పొగ వస్తుంటే అది చిన్న లీకైనా అర్జెంటే, నిప్పు అంటుకోవచ్చు.

అంతా బిగించాక కూలెంట్ నింపి, గాలి బుడగలు పోనిచ్చి, ఇంజిన్ పది నిమిషాలు నడిపి టార్చితో చూడండి. మర్నాడు చూడండి. వందో, రెండు వందలో మైళ్ళ తర్వాత మళ్ళీ అట్టముక్క పరచండి. టైమింగ్ కవర్ మీద మార్చిన తేదీ, మైలేజీ మార్కర్‌తో రాయండి. ఈ కారు మీ తర్వాత ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళకు అది పనికొస్తుంది.

చివరిగా ఒక విన్నపం. దించిన కూలెంట్‌ను తెరిచిన బేసిన్‌లో వదిలి లోపలికి వెళ్ళకండి. దాని రుచి తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, చిన్నపిల్లలూ ముట్టుకుంటారు, కొద్దిపాటి మోతాదే ప్రాణాంతకం. వాడేసిన ఆయిల్ వీధి కాలువలో పోయకండి. ఒక్కసారి ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది. మూత ఉన్న డబ్బాలో పోసి దగ్గర్లోని ఆటో పార్టుల షాపుకు తీసుకెళ్ళండి, చాలా షాపులు ఉచితంగానే తీసుకుంటాయి. కూలెంట్‌ను మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. ఈ రెండూ చేరాల్సిన చోటికి చేరాకే గరాజ్ తలుపు వేయండి.